తెల్ల లేబుల్ రికార్డులో ఆ చోటు

మాస్టారు ఆ రికార్డు పెట్టినప్పుడల్లా ఒకే చోట నవ్వుతాడు. ఎందుకు నవ్వుతాడో చెప్పడు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడని నవ్వు ఏముంటుందండీ లోకంలో?

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కారు నడపడం నేర్పే మాస్టారు. రెండు బ్రేకులున్న చిన్న కారులో, నేర్చుకునేవాళ్ళ పక్క సీటులో కూర్చుని, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా "నెమ్మది, నెమ్మది" అని జపం చేయడమే ఆయన ఉద్యోగం. ఎదురుగా ఏదైనా కాస్త జోరుగా వస్తే చాలు, కుడికాలు దానంతటదే నేలను నొక్కేస్తుంది. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా అంతే. టీవీలో కారు దూసుకుపోయినా, కింద లేని బ్రేకును తొక్కుతాడు. అలాంటి మనిషికి ఇలాంటి సంగీతం ఎలా పట్టుకుందో టైలరమ్మకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

టైలరమ్మ ఆయన భార్య. ముందుగదిలో కిటికీ వైపు సగం ఆమె కుట్టుమిషనుది, గోడ వైపు సగం ఆయన రికార్డు ప్లేయరుది. రికార్డులు మాత్రం ఆయనవి కావు. టైలరమ్మ తమ్ముడు చిన్నోడివి. చిన్నోడంటే చిన్నవాడేమీ కాదు, గడ్డం నెరిసిపోయింది, ఇంట్లో పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. వారమంతా సభలకీ సమావేశాలకీ మైకులు బిగించడం, సెలవు రోజుల్లో డాన్సు హాళ్ళలో రికార్డులు వేయడం అతని పని. ఇరుకు గదిలోకి మారాల్సి వచ్చినప్పుడు డబ్బాలన్నీ ఆటోలో వేసుకొచ్చి, "ఒక్క నెల ఉంచక్కా" అని దించి వెళ్ళాడు. చిన్నోడి నెల అంటే తెలిసిందే కదా. ఏళ్ళు గడిచాయి.

ఊరికే ఉన్న డబ్బాల్ని మాస్టారు ఊరికే ఉండనివ్వలేదు. ఒక సెలవు రోజు ఒకటి తీసి పెట్టాడు. వంటింట్లో ఉన్న టైలరమ్మ అటక మీది గిన్నెల బుట్ట బోర్లా పడిందనుకుని పైకి చూసింది. గిన్నెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏంటండీ ఆ గోల?"

"ఏమో. చూద్దామని పెట్టాను. ఆగుతుందేమో అనుకుంటే ఆగడం లేదు," అన్నాడు మాస్టారు. కుడికాలు నేలను గట్టిగా అదిమి ఉంది.

చిన్నోడికి ఫోను చేసి అడిగితే వాడు తెగ సంబరపడిపోయాడు. అక్క ఇంట్లో తన రికార్డులు మోగుతున్నాయంటే వాడికి అంతకన్నా ఏం కావాలి?

"ఎప్పుడో ఒక డ్రమ్ములాయన పాట మధ్యలో కాసేపు ఒంటరిగా వాయించాడక్కా. ఆ కాసేపటి వాయింపునే పట్టుకుని, ముక్కలు ముక్కలుగా కోసి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ కలిపి, జోరు పెంచి వదిలారు వీళ్ళు. పైన డ్రమ్ములు అంత పరుగెడుతున్నా కింద బాస్, అదే ఆ లావు గొంతు మోత, మాత్రం తాపీగా నడుస్తుంటుంది. మొదట దీన్ని జంగిల్ అన్నారు. తర్వాత డ్రమ్ అండ్ బాస్ అన్నారు."

"జంగిల్ అంటే అడవే కదరా? మరి ఒక్క పిట్టయినా కూయదేం?"

"నా దగ్గరున్నవి అందులోనూ తిక్క రకాలక్కా. ప్రయోగాలన్నమాట. దెబ్బ పడుతుందనుకున్న చోట పడదు. నేను ఇవి వేస్తే ఆడేవాళ్ళు ఆగిపోయి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు."

"మంచి పని చేస్తున్నావులే," అని ఫోను పెట్టేసింది కానీ, కోయడం, కలపడం అన్న మాటలు ఆమె బుర్రలో ఉండిపోయాయి. అది తన పనే కదా మరి. మర్నాటి నుంచి కుడుతూ కుడుతూ చెవి అటు వేసింది. మొదట్లో అంతా ఒకటే రొద. పోనుపోను అతుకులు దొరకడం మొదలైంది. ఇదిగో ఇక్కడ కోశాడు, ఈ ముక్కని అటుది ఇటు తిప్పి కుట్టాడు, ఇక్కడ కావాలనే పొట్టి ముక్క వేశాడు. పాత చీరలు చింపి బొంత కుట్టినట్టే ఉంది వ్యవహారం. పూలు పూలకి కలవవు, అంచు అంచుకి కలవదు, కప్పుకుంటే మాత్రం వెచ్చగా ఉంటుంది. కొన్ని రికార్డులు ఆమెకీ నచ్చాయి. కొన్నింటికి మాత్రం "వీడెవడో కత్తెర పట్టడం రానివాడు" అని తీర్పు చెప్పేసేది.

ఆ డబ్బాల్లోని ఒక రికార్డుకి లేబుల్ మీద అక్షరమ్ముక్క లేదు. తెల్లగా, ఖాళీగా ఉంటుంది. బజారులోకి వదలకముందు పరీక్షకని నాలుగు తీస్తారట, అందులో ఒకటి. మాస్టారు నవ్వేది ఆ రికార్డుకే. సగం దాటాక ఒక చోట వస్తుంది. అక్కడికి రాగానే ఆయన కళ్ళు మూసుకుంటాడు, కాలు బ్రేకు మీంచి తీసేస్తాడు, పెదవి ఓ పక్కకి జరుగుతుంది. ఒకటి రెండుసార్లు బట్టలిచ్చి ఇంటికి వచ్చిన టైలరమ్మ గుమ్మంలోంచి ఆ నవ్వు చూసింది. ఆమెని చూడగానే మాస్టారు ఉలిక్కిపడి ముల్లు ఎత్తేశాడు, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ పట్టుబడినట్టు.

"ఏముందండీ అందులో?"

"ఏముంటుంది? డ్రమ్ములు."

"డ్రమ్ములకి నవ్వొస్తుందా?"

"చెబితే నీకు కోపమొస్తుంది."

ఇంకేం కావాలి? కోపమొస్తుందన్న మాట వింటే కోపం రానివాళ్ళకి కూడా వస్తుంది. ఆయన కారు క్లాసుకి వెళ్ళాక టైలరమ్మ ఆ రికార్డు తానే పెట్టి, మిషను ఆపి, స్టూలు మీద కూర్చుని చెవులప్పగించి వింది. ఆ చోటు వచ్చింది. ఒక బరువైన దెబ్బ, కాస్త ఖాళీ, ఈడ్చినట్టు చిన్న చప్పుడు, వెంటనే తేలిక దెబ్బ. మళ్ళీ బరువైన దెబ్బ. అంతే. ముల్లు వెనక్కి పెట్టి మళ్ళీ వింది. ఆడగొంతు ఏమైనా ఉందేమో అని కూడా అనుమానించింది, అబద్ధమెందుకు! ఏ గొంతూ లేదు. ఇందులో నవ్వడానికేముంది?

ఇది ఇలా ఉండగా ఇంకో సంగతి జరిగింది.

టైలరమ్మకి పుట్టుకతోనే ఎడమకాలు కాస్త పొట్టి. తుంటి కీలు కుదురుగా లేదు. ఎడమ చెప్పుకి ఎప్పుడూ అదనంగా అట్ట కుట్టించి వేసుకునేది. చిన్నప్పుడు వీధిలో ఎదురుగానే వెక్కిరించినవాళ్ళున్నారు, పెద్దయ్యాక జాలిపడినవాళ్ళున్నారు. ఆమెకి ఆ జాలి వెక్కిరింత కన్నా ఎక్కువ మండేది. ఈ మధ్య నొప్పి ముదిరింది. పెడల్ తొక్కి లేస్తే నాలుగడుగులు గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఎముకల డాక్టరు ఫోటోలు తీసి చూసి, కీలు మార్చేస్తే నొప్పీ పోతుంది, కాళ్ళు రెండూ దాదాపు సమానమూ అవుతాయని చెప్పింది. టైలరమ్మ ఆ మాటని రెండుసార్లు చెప్పించుకుంది. జీవితంలో ఒక్కసారి మామూలు చెప్పులు కొనుక్కోవాలి, ఒక్కసారి ఎవరూ తిరిగి చూడకుండా వీధిలో నడవాలి. ఇంతకాలం ఎవరికీ చెప్పుకోని కోరిక అది.

ఇంటికొచ్చి మాస్టారికి చెప్పింది. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. "నీ ఇష్టం," అన్నాడు.

అంతే. ఆస్పత్రికి కావలసినవన్నీ చేస్తున్నాడు, సెలవు పెట్టాడు, పరీక్షలకి తిప్పుతున్నాడు. ఒక్క మంచి మాట మాత్రం రాదు. టైలరమ్మకి అదే గుండెల్లో గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా తన నడకని ఒక్కమాట అనని మనిషి, అది బాగవుతుందంటే సంతోషపడడేం? చిన్నోడికి ఫోను చేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆయన నోటితో ఆయన 'చేయించుకో, బాగుంటుంది' అనాలి. అనకపోతే నేను ఆ మంచం ఎక్కనురా. ఈ కాలుతోనే పోతాను."

"బావ మాటల మనిషి కాదు కదక్కా."

"మాటల మనిషి కాకపోతే నన్నెలా పెళ్ళికి ఒప్పించాడట? నువ్వు రా. వచ్చి తాడో పేడో తేల్చు."

తన నడక బాగుపడటం కన్నా ఆ ఒక్క మాటే ఇప్పుడామెకి పెద్దదైపోయింది. ఆమె మొండిదే మరి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

చిన్నోడు ఆదివారం మధ్యాహ్నం దిగాడు. ఎక్కడో పాత రికార్డుల కచేరీ ఉందట, కొన్ని డబ్బాలు కూడా తీసుకెళ్ళాలట. రాగానే అక్క సంగతి అడగకుండా ప్లేయరు దగ్గర చతికిలబడ్డాడు. వాడి బుద్ధే అంత.

"ఇదేంటి బావా, మీటకి టేపు అంటించారు?"

ప్లేయరు పక్కన వేగం మార్చే మీట ఉంటుంది. పళ్ళెం నెమ్మదిగా తిరగడానికి ముప్పైమూడు, జోరుగా తిరగడానికి నలభైఅయిదు. ఆ మీటని ముప్పైమూడు దగ్గర నిలబెట్టి, పైన అడ్డంగా నల్లటేపు అంటించి ఉంది.

"ఎవరి చెయ్యయినా తగిలితే జోరు మారిపోతుంది. ప్రమాదం కదా," అన్నాడు మాస్టారు గంభీరంగా. "పెద్ద రికార్డులన్నీ నెమ్మది, చిన్నవి జోరు అని నువ్వే చెప్పావు. ఇక్కడ చిన్నవి లేవు."

"మామూలుగా అంతే. కానీ ఇందులో కొన్ని పెద్దవి కూడా జోరుగా తిరగాలి. లేబుల్ మీద ఉంటుంది చూడండి, చిన్నక్షరాల్లో. ఏమీ రాయని దానికైతే చెవే గతి." చిన్నోడు తెల్ల లేబుల్‌ది తీశాడు. "ఇదిగో, ఇది అలాంటిదే. ఇది మీరు ఎలా విన్నారు?"

చిన్నోడు టేపు పీకి, మీట అటు తోసి, ముల్లు పెట్టాడు.

అబ్బ, అది వేరే రికార్డు. రేకుల కప్పు మీద వాన కురిసినట్టు డ్రమ్ములు చిటపటలాడుతూ పరుగెత్తాయి. మిషను దగ్గర కూర్చున్న టైలరమ్మ వేళ్ళు వాటంతటవే బల్ల మీద ఆడాయి. ఇందులో అతుకులు కనపడడంలేదు, అంత సన్నగా కుట్టాడు. ఎవడో పనివాడే సుమా అనుకుంది. అనుకుంటూనే మొగుడి మొహం వైపు చూసింది, నవ్వు ఎక్కడ వస్తుందా అని. మాస్టారి కాలు మొదటి నుంచి చివరిదాకా బ్రేకు మీదే ఉంది. ఆ చోటు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. రికార్డు అయిపోయింది.

"ఇది అది కాదు," అన్నాడు మాస్టారు. ఆ గొంతులో ఏదో పోగొట్టుకున్నవాడి దిగులుంది.

చిన్నోడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నేళ్ళూ దీన్ని ఎడ్లబండి వేగంలో విన్నారా బావా! ఎవరైనా వింటే నన్ను డాన్సు హాల్లోకి రానివ్వరు. సరే, మీ వేగంలోనే పెడతాను. ఎలా ఉంటుందో నేనూ ఎప్పుడూ వినలేదు."

వాళ్ళ గొడవ వాళ్ళది అనుకుని టైలరమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె పొంగేలోపల ముందుగది నుంచి రికార్డు వినపడుతూనే ఉంది, ఆమెకి అలవాటైన ఆ నెమ్మది రికార్డే. తమ్ముడి నవ్వులు కూడా వినపడుతున్నాయి. కప్పులు పళ్ళెంలో సర్దుకుని, టీ తొణకకుండా అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరింది. వసారా దాటి ముందుగది గచ్చు మీదికి వచ్చింది.

చిన్నోడి నవ్వు ఆగిపోయింది.

వాడు రికార్డు వైపు చూశాడు. అక్క కాళ్ళ వైపు చూశాడు. మళ్ళీ రికార్డు వైపు చూశాడు.

"ఏంట్రా ఆ చూపు?"

"అక్కా, అక్కడే ఆగు." ఆమె ఆగింది. రికార్డు ఆగలేదు. బరువైన దెబ్బ, ఖాళీ, ఈడ్పు, తేలిక దెబ్బ. "ఇప్పుడు నడువు. మామూలుగా, నువ్వెలా నడుస్తావో అలాగే."

టైలరమ్మ నడిచింది. కుడికాలు గచ్చు మీద బరువుగా పడింది. కాస్త ఆలస్యమైంది. ఎడమ చెప్పు అట్ట నేలను రాసుకుంటూ వచ్చి తేలిగ్గా ఆనింది. మళ్ళీ కుడికాలు. ఇంకో అడుగు వేసింది. ఏది రికార్డో, ఏది తన చెప్పో ఆమెకే తెలియలేదు.

కుంటడం ఆమె అద్దంలో చూసింది, దుకాణాల గాజు తలుపుల్లో చూసింది, ఎదుటివాళ్ళ కళ్ళలో చూసింది. వినడం మాత్రం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ స్టూలు మీద కూర్చుని విన్నది, కూర్చున్నవాళ్ళకి తమ నడకెలా దొరుకుతుంది? టీ పళ్ళెం మిషను మీద పెట్టేసింది. సిగ్గు ముందొచ్చింది, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది.

"ఇదా నవ్వు? నా కుంటి నడకని పాటలో వెతుక్కుని, ఇన్నేళ్ళుగా ఇంట్లో కూర్చుని నవ్వుకుంటున్నారా?"

"అందుకే చెబితే కోపమొస్తుందన్నాను," అన్నాడు మాస్టారు, లేచి నిలబడి.

"రాదా మరి? వీధిలో పిల్లలు నయం. వాళ్ళు ఎదురుగా నవ్వారు!"

"నవ్వలేదు. నవ్వు కాదది." మాస్టారు మాటలు వెతుక్కున్నాడు. ఎదుటివాళ్ళకి కుడి, ఎడమ, క్లచ్చు అని చెప్పడం తప్ప వేరే మాటలు అలవాటు లేని నోరు. "మొదటిసారి అది పెట్టినప్పుడు నువ్వింట్లో లేవు. బట్టలివ్వడానికి వెళ్ళావు. వాన పట్టుకుంది, చీకటి పడుతోంది, నువ్వు రాలేదు. ఊసుపోక అది పెట్టాను. ఆ చోటు వచ్చింది. నువ్వొచ్చావనుకుని లేచి వెళ్ళి తలుపు తీశాను. ఎవరూ లేరు. మళ్ళీ వచ్చి ముల్లు అక్కడే పెట్టాను. మళ్ళీ నువ్వొస్తున్నట్టే ఉంది. నువ్వు నిజంగా వచ్చేదాకా అలా పెడుతూనే ఉన్నాను."

చిన్నోడు ముల్లు మెల్లగా ఎత్తాడు.

"మరి ఆపరేషనంటే మూతి ముడుచుకుని కూర్చున్నారేం?"

"నీ నొప్పి పోవాలి. అది పోవాలనే ఉంది నాకు, నమ్ము. కానీ ఆ చప్పుడు కూడా పోతుంది కదా. అది పోతుందని దిగులుగా ఉందని ఏ మొహం పెట్టుకుని నీతో అనను?"

"బాగుంది! నొప్పి నాది, చప్పుడు మీదీనా?"

"అదే కదా నేనూ అనుకున్నది. అందుకే నోరు మూసుకున్నాను."

టైలరమ్మకి తిట్టాలని ఉంది, ఏడవాలని ఉంది. తాను పుట్టినప్పటి నుంచీ వదిలించుకోవాలనుకున్న దాన్ని ఒక మనిషి పోగొట్టుకుంటానని బెంగపడుతున్నాడు. దాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో ఆమెకి తోచలేదు. ఒక కప్పు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి. చేయించుకోమంటారా, వద్దంటారా?"

మాస్టారు కప్పు పట్టుకుని ఆమె కాలివైపు చూశాడు, మొహంలోకి చూశాడు.

"చేయించుకో," అన్నాడు. "బాగుంటుంది. మామూలు చెప్పులు నేనే కొంటాను."

చిన్నోడు డబ్బాలు తీసుకెళ్ళేటప్పుడు తెల్ల లేబుల్ రికార్డుని పక్కన పెట్టేశాడు. "ఇది ఇక నా దగ్గర పనికిరాదు బావా. జోరుగా వేసినా నాకు అక్కే నడుస్తున్నట్టుంటుంది," అని, మీటకి టేపు మళ్ళీ తానే అంటించి వెళ్ళాడు.

ఆపరేషను బాగా జరిగింది. కొత్త కీలు తొందరగానే కుదురుకుంది కానీ కాలు మాట వినలేదు. రెండూ సమానమైనా శరీరం పాత అలవాటుకే ఒరిగేది. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి "మడమ ముందు, మడమ ముందు" అని పోరుతుంటే, పక్కన మాస్టారు వృత్తి ధర్మం కొద్దీ "నెమ్మది, నెమ్మది" అనేవాడు. ఇద్దరి మధ్యా టైలరమ్మ చేతికర్ర విసిరేయడం ఒక్కటే తక్కువ. ఆ రోజుల్లో మాస్టారు ఒక్కసారి కూడా ఆ రికార్డు పెట్టలేదు. ఆమె అది గమనించింది.

ఒక మధ్యాహ్నం ఆయన ముందుగదిలో గోడవైపు తిరిగి కూర్చుని, మిగిలిన డబ్బాలోంచి ఏదో రికార్డు తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. టైలరమ్మ కర్రని మంచానికి ఆనించింది. కొత్త చెప్పులు వేసుకుంది, రెండూ ఒకే ఎత్తువి. గది దాటింది, వసారా దాటింది, గచ్చు మీదికి వచ్చింది. మడమ, వేళ్ళు. మడమ, వేళ్ళు. ఒరగలేదు. నొప్పి లేదు. ఆమెకి గట్టిగా కేక వేయాలన్నంత సంతోషమేసింది.

మాస్టారు రికార్డు తుడుస్తూనే, తల తిప్పకుండా అడిగాడు.

"ఎవరండీ?"

టైలరమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. బతుకంతా కోరుకున్నది ఇదే కదా. ఎవరూ గుర్తుపట్టని మామూలు నడక. దొరికింది. దొరికినందుకు గుండె పొంగింది, ఆ మనిషి గుర్తుపట్టనందుకు అదే గుండె కలుక్కుమంది.

"నేనేనండీ," అంది.

మాస్టారు తిరిగి చూశాడు. ఆమె చేతిలో కర్ర లేకపోవడం చూశాడు. ముందు మొహం విప్పారింది. తర్వాత తానేమన్నాడో తెలిసొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి దానంతటదే తెల్ల లేబుల్ రికార్డు వైపు వెళ్ళింది.

"అది తర్వాత," అంది టైలరమ్మ. "అటు తిరిగి కూర్చోండి. ముందు దీన్ని వినండి."

ఆయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆమె కిటికీ దాకా నడిచింది. తిరిగి మిషను దాకా వచ్చింది. మాస్టారి కాలు బ్రేకు మీద లేదు. తల కాస్త పక్కకి వంచి, కొత్త రికార్డు మొదటిసారి పెట్టినప్పుడు వినేట్టే వింటున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు. ఆమె మళ్ళీ కిటికీ వైపు బయల్దేరింది.